ఎనోక్ టర్వీ అసలు ఎత్తు

ఎనోక్ టర్వీకి శవపేటిక చెయ్యడానికి వచ్చిన వడ్రంగి, "మనిషి ఎత్తెంత?" అని అడిగాడు. ఆ మాట ఇంకా ఆయన నోట్లో ఉండగానే గుమ్మంలో నిలబడ్డ వాళ్ళమంతా ఒక్క గొంతుతో చెప్పాం, "అయిదడుగుల తొమ్మిదిన్నర" అని. వడ్రంగి బిత్తరపోయాడు. పోయినవాడి వయసెంతంటే కన్నబిడ్డలే తడుముకుంటారు. ఎత్తెంతంటే వీధి వీధంతా పాఠంలా అప్పజెప్పడం ఆయన ఎక్కడ చూసి ఉంటాడు?

"కాళ్ళు తీసేసి కొలవనా, ఉంచి కొలవనా?" అన్నాడు మెల్లగా, దుప్పటి కిందికి చూస్తూ.

"ఉంచే కొలువు నాయనా," అంది థర్జా, ఎనోక్ భార్య. "అవి ఆయన నిలబడి సంపాదించుకున్న కాళ్ళు."

మా హార్న్‌బీమ్ సందులో ఏ సంగతి మీదా రెండు కొంపలు ఒక్క మాట మీద ఉండవు. కుండపోతగా వాన కురుస్తున్నా, కురుస్తోందా లేదా అని వాదులాడుకునే రకం మేము. అలాంటిది ఎనోక్ ఎత్తు దగ్గర మాత్రం ఒక్కటయ్యాం. ఎలా అయ్యామో చెబుతాను. అది చెబితే ఎనోక్ ఎలాంటి మనిషో కూడా చెప్పినట్టే.

ఎనోక్ పుట్టింది కెంట్ వైపు. బీరుకు చేదు పట్టించే హాప్ తీగల తోటల్లో వాళ్ళ నాన్న పనివాడు. ఆ తీగలకు పందిరి తాళ్ళు కట్టేవాళ్ళు కాళ్ళకు పొడుగాటి కర్రలు తగిలించుకుని, వరసల మధ్య కొంగల్లా నడుస్తారు. ఎనోక్ నాన్న అలా నడిచేవాడు. ఒక వసంతంలో కర్ర మెత్తటి మట్టిలో దిగబడి, అంతెత్తు నుంచి పడిపోయాడు. మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత ఎనోక్ లండన్ వచ్చి, లాంబెత్‌లో మా పక్క గదిలో అద్దెకు దిగి, రైలు గూడ్సు యార్డులో పెట్టెలు తగిలించే పనిలో చేరాడు. చేతులు మాత్రం ఇంతింత పొడుగు. నా బట్టలుతికే పెరట్లో తాడు మీద చివరి దుప్పటి దాకా నిలబడిన చోటు నుంచే అందుకునేవాడు. అతను పెళ్ళి చేసుకున్న థర్జా నా దగ్గరే ఇస్త్రీ చేసేది. ఆ పెళ్ళి కుదిర్చింది నేనే కాబట్టి ఆ ఇంటి సంగతులన్నీ తెలుసుకునే హక్కు నాకుందని నా నమ్మకం.

ఎనోక్‌కు ఉన్న ఒకే ఒక్క గొప్ప చర్చి గోపురంలో పెద్ద గంట. మా చర్చికి ఎనిమిది గంటలు. ఎనిమిది మంది గుండ్రంగా నిలబడి, ఒక్కొక్కరు ఒక్కొక్క తాడు పట్టుకుని, వరస మార్చి మార్చి మోగిస్తారు. అన్నిటికన్నా బరువైనది, అన్నిటి వెనకా పలికేది పెద్ద గంట. అది పలికితేనే వరస పూర్తయినట్టు. ఆ తాడు ఎనోక్‌ది. తాడు పైకి లేచేటప్పుడు మనిషి ఒళ్ళంతా సాగాలి. కిందికి వచ్చేటప్పుడు నడుము, మోకాళ్ళు, మడమలు అన్నీ ఒకేసారి సర్దుకోవాలి. ఆ బరువుకు బలంతో పనిలేదు, నిలకడ కావాలి అనేవాడు. ఆదివారం పొద్దున పెద్ద గంట పలికిందంటే మా సందులో ఆడవాళ్ళు, "అదుగో మనవాడు," అనేవారు.

ఒక నవంబరు పొగమంచులో యార్డులో పెట్టెల మధ్య పడి రెండు కాళ్ళూ మోకాళ్ళ కింద పోగొట్టుకున్నాడు. చెయ్యి చాపితే చెయ్యి కనపడని మంచు. తప్పు ఎవరిదని చెబుతాం? ఆసుపత్రి నుంచి వచ్చాక కిటికీ దగ్గర కూర్చుని కుర్చీలకు బెత్తం అల్లుతుండేవాడు. నోరు తెరిచి ఏడవలేదు. ఆదివారం గంటలు మోగేటప్పుడు మాత్రం చేతిలో బెత్తం ఆగిపోయేది.

గంటల వాళ్ళకు పెద్ద క్రిస్పిన్ డాడ్ అనే చెప్పులు కుట్టే ఆయన. ఆయన నాలుక కూడా సూదే.

"నీ వల్ల నాకు ఏటా రెండు జతల బూట్ల బేరం పోయిందిరా," అనేవాడు గుమ్మంలో నిలబడి. "నష్టపరిహారం ఎప్పుడిస్తావు?"

"చేతికి బూట్లు కుట్టు, తొడుక్కుంటాను," అనేవాడు ఎనోక్.

ఆ డాడే ఒక రోజు కూర్చుని, పొగాకు దట్టించి, నవ్వకుండా చెప్పాడు. "ఎనోక్, నీ తాడు పొరుగు చర్చి వాడొకడు వచ్చి లాగి పోతున్నాడు. మన కట్టుబాటు నీకు తెలుసు. ఏడాదిన్నర పైన చోటు ఖాళీగా ఉంచకూడదు. ఈ ఈస్టరు దాకా నేను నెట్టుకొస్తాను. ఈస్టరు పొద్దున నువ్వు నీ చోటులో నిలబడితే తాడు నీది. లేదంటే వాడిది."

అంతే. ఆ రోజు నుంచి ఎనోక్‌కు కావలసింది ఒక్కటే: ఈస్టరు పొద్దున తన తాడు దగ్గర తను నిలబడడం.

నేను గిన్నె పట్టుకుని సందంతా తిరిగి చందా పోగు చేశాను. పనివాళ్ళ క్లబ్బు సగం వేసింది. కర్రకాళ్ళు చేసే లెమ్యూల్ గాడ్బీ దగ్గరికి కూరగాయల తోపుడుబండి మీద ఎనోక్‌ను తీసుకెళ్ళాం. మంచి పనివాడు. విల్లో కర్రను పిక్కలా, మడమలా చెక్కి, తోలుతో కీళ్ళు కుట్టి, బూటు తొడిగితే ఎవరూ పోల్చుకోలేని కాళ్ళు చేస్తాడు.

"ఒక్క కాలు పోయినవాడికైతే రెండో కాలు చూసి చేస్తాను," అన్నాడు గాడ్బీ. "రెండూ పోయినవాడికి ఏది చూసి చెయ్యను? నీ ఎత్తెంత?"

ఎనోక్ బుర్ర గోక్కున్నాడు. పటాలంలో పనిచేసిన వాడు కాదు, జైలుకెళ్ళినవాడు కాదు. మాలాంటి వాళ్ళను ఇంకెవరు కొలుస్తారు?

"ఎంతో ఒకంత పెట్టెయ్యండి, పొడుగ్గానే పెట్టండి!" అన్నాను నేను.

"అమ్మా, అదేం మాట? ఒకసారి చెక్కితే కర్ర మళ్ళీ పెరగదు. తగ్గిద్దామంటే మడమ కీలు పాడవుతుంది. సొంత ఎత్తు మీద ఒళ్ళు తనంతట తనే నిలబడుతుంది. పరాయి ఎత్తు మీద నిలబెడితే రోజంతా పడకుండా కాచుకోవడంతోనే సరిపోతుంది. ఇతను గంట తాడు లాగాలంటున్నాడు. ఎత్తు తప్పిందంటే గంటే ఇతన్ని లాగుతుంది."

ఎనోక్ ముఖం పాలిపోయింది. ఎందుకో నాకు తెలుసు. హాప్ తోటలో వాళ్ళ నాన్న కళ్ళ ముందు మెదిలి ఉంటాడు.

ఇంటికొచ్చి సందంతా పోగయ్యాం. అప్పుడు చూడాలి ఆ సంబరం! మూల మీది బీరుకొట్టు యజమానురాలు, "మా గుమ్మం కింద తల వంచకుండా ఏనాడైనా వచ్చాడా? ఆరడుగులకు తక్కువ ఉండడు," అంది. ఎనోక్ నవ్వి, "నాకు ప్రతి గుమ్మం దగ్గరా వంగే అలవాటమ్మా, మా నాన్న దగ్గర నేర్చుకున్నాను," అన్నాడు. పాత కోటు చూద్దామంటే అది పాతబట్టల అంగడిలో కొన్నది, అసలు ఎవరి ఒంటికి కుట్టిందో దేవుడికే తెలియాలి. తాడు మీద చేతి గుర్తు చూద్దామంటే జనపతాడు వానకు ఒక పొడుగు, ఎండకు ఒక పొడుగు.

చివరికి థర్జా వైపు తిరిగాం.

"నా నడినెత్తి సరిగ్గా ఆయన చొక్కా పై గుండీకి తగిలేది," అంది థర్జా. అని, తన నడుము మీద చెయ్యేసుకుంది. "కానీ ఇన్నేళ్ళ ఇస్త్రీ బల్ల నన్నెంత కుంగదీసిందో నాకేం తెలుసు పెద్దమ్మా? ఇప్పుడు నన్ను చూసి ఆయన్ని చేయిస్తే, కుంగిన మొగుడు తయారవుతాడు."

అందరూ నవ్వారు. ఎనోక్ నవ్వలేదు.

మళ్ళీ గాడ్బీ దగ్గరికే వెళ్ళాం. ఆయన ఎనోక్ మోచెయ్యి బల్ల మీద ఆనించి, మధ్యవేలి కొస దాకా మూర కొలిచాడు. సుద్దముక్కతో చెక్క మీద లెక్క వేశాడు. "మామూలు మనిషికి మూర పద్దెనిమిది అంగుళాలు, ఎత్తు అయిదడుగుల ఏడు. నీ మూర పంతొమ్మిది. అంతకింతైతే ఇంతకెంత? ఉత్త త్రైరాశికం. అయిదడుగుల పదకొండు, రవ్వంత తక్కువ."

త్రైరాశికం మా బళ్ళో నాకూ చెప్పారు. చదివిన నాలుగు ముక్కల్లో నాకు వంటబట్టింది అదొక్కటే. లెక్క మనసులో వేసుకుని చూసుకున్నాను, సరిగ్గా సరిపోయింది. సందులో ఈ మాట చెప్పగానే పండగే. మన ఎనోక్ అయిదడుగుల పదకొండు! చందా వేసిన ప్రతివాడూ ఆ ఎత్తులో తన వాటా ఉన్నట్టు ఛాతీ విరుచుకు తిరిగాడు.

ఎనోక్ మాత్రం నాతో మెల్లగా అన్నాడు. "పెద్దమ్మా, నా చేతులు పొడుగని అందరూ అనేవాళ్ళు. నేను పొడుగని ఎవరైనా అన్నారా?"

ఆ మాట నన్ను పట్టుకుని వదల్లేదు. దేవుడు నాకు నిద్ర తక్కువ ఇచ్చాడు, కుతూహలం ఎక్కువ ఇచ్చాడు. ఆ వారమే వేయించిన చేప కట్టి ఇచ్చిన పత్రిక కాగితం, నూనె మరకల మధ్య, చదువుకుంటూ తింటున్నాను. కెన్సింగ్టన్‌లో మ్యూజియం పక్కన ఒక కొలతల గది ఉందట. వచ్చినవాళ్ళందరి ఎత్తూ బరువూ మూరా కొలిచి, ఒక కొలత తెలిస్తే ఇంకో కొలత ఏ మేరకు ఉండవచ్చో కనిపెట్టారట. ఆ కొలతల పిచ్చి నాకు కొత్త కాదు. అయిదేళ్ళ క్రితం ఆరోగ్య ప్రదర్శనలో మూడు పెన్నీలిచ్చి నేనూ కొలిపించుకున్నాను. పిడికిలి బలంలో నా వెనక నిలబడ్డ గుమాస్తాను ఓడించాను కూడా.

మరునాడే తోపుడుబండి కదిలింది. వంతెన దాటి కెన్సింగ్టన్ దాకా నేనూ థర్జా మార్చి మార్చి తోశాం. బండి మీద ఎనోక్ కాబేజీ బుట్టల మధ్య ప్రభువులా కూర్చుని, దారిన పోయేవాళ్ళకు టోపీ ఎత్తి దండాలు పెట్టాడు.

"సిగ్గులేదూ? తోసేది మేము, దండాలు నీకా?" అన్నాను.

"బరువు నాది కదా పెద్దమ్మా."

కొలతల గదిలో ఉన్నది హాకెట్ అనే రిటైరైన సార్జంటు. మీసం ఇస్త్రీ చేసినట్టుంటుంది. నన్ను చూడగానే ఆడవాళ్ళ వరస అటు అన్నాడు.

"ఆ ప్రదర్శనలో మా ఆడవాళ్ళ తలలు కొలవలేదేమయ్యా సార్జంటు గారూ? మాకు తలలు లేవనా?" అన్నాను.

"తలలున్నాయమ్మా. వాటి మీద టోపీలూ జడచుట్లూ ఉన్నాయి. వాటిని కదిలించే ధైర్యం మా పటాలంలో ఎవడికీ లేకపోయింది," అన్నాడు.

మనిషి నాకు నచ్చాడు.

బండి మీద ఉన్న ఎనోక్‌ను చూసి, మా కథ విని, హాకెట్ మీసం సవరించుకున్నాడు. జారే కమ్మీ ఉన్న చెక్క పరికరంతో మూర కొలిచాడు. పంతొమ్మిదే. పక్కన గోడ మీద గళ్ళ కాగితం అంటించి ఉంది, నిండా చుక్కలు. కొలిచిన ఒక్కో మనిషికి ఒక్కో చుక్కట. అడ్డంగా చూస్తే మూర, నిలువుగా చూస్తే ఎత్తు. చుక్కలన్నీ కలిసి ఏటవాలుగా ఎగిరే తేనెటీగల గుంపులా ఉన్నాయి. హాకెట్ పంతొమ్మిది దగ్గర వేలు పెట్టి, నిలువునా పైకి వెళ్ళి, గుంపు మధ్యలో ఆపాడు.

"అయిదడుగుల తొమ్మిదిన్నర."

"తప్పు!" అన్నాను. "త్రైరాశికం వేసి చూడు. పదకొండు వస్తుంది."

"త్రైరాశికం చక్కెరకు పనికొస్తుందమ్మా. సేరు ఇంత అయితే రెండు సేర్లు అంత. మనుషుల ఒళ్ళు అలా తూగదు." కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మా పటాలంలో చేతులు బాగా పొడుగున్నవాళ్ళనే ఏరి వరసలో నిలబెట్టాననుకో. ఎలా ఉంటారు?"

"తాటిచెట్లలా ఉంటారు."

"కొందరు ఉంటారు. మనిషే పొడుగు కాబట్టి చేతులూ పొడుగైనవాళ్ళు. ఇంకొందరు మామూలు ఎత్తువాళ్ళే, చేతులకు మాత్రం దేవుడు కాస్త ఎక్కువ గుడ్డ వేశాడు. అందరినీ కలిపి చూస్తే పొడుగే, కానీ చేతులు సాగినంతగా ఎత్తు సాగదు. మీవాడి మూర మామూలుకు ఒక అంగుళం ఎక్కువ. మీ లెక్క ప్రకారం ఎత్తు దగ్గర దగ్గర నాలుగంగుళాలు ఎక్కువ కావాలి. మేం కొలిచిన మనుషుల్లో అలాంటివాళ్ళు రెండున్నర అంగుళాలే ఎక్కువున్నారు."

"మరి ఎత్తైనవాళ్ళనే ఏరి నిలబెడితే?"

"భలే అడిగావు. అప్పుడు వాళ్ళ చేతులు పొడుగే, కానీ ఎత్తు సాగినంతగా చేతులు సాగవు."

"అదేం న్యాయమయ్యా? అటు నుంచి చూస్తే చెయ్యి గెలుస్తుంది, ఇటు నుంచి చూస్తే ఎత్తు గెలుస్తుంది!"

"దేన్ని చూసి ఏరావో అది గెలుస్తుంది. ఎక్కువున్నవాళ్ళనే కదా ఏరింది."

నేను కాసేపు నోరు మూసుకున్నాను. అది థర్జాకు ఎంత వింతగా తోచిందో, నా నుదురు పట్టుకుని చూసింది. నేను మనసులో ఉతికిన చొక్కాలన్నీ తీగ మీద ఆరేసుకుంటున్నాను. మెడపట్టీ పెద్దదైన చొక్కాలకు చేతులు పొడుగ్గానే ఉంటాయి. నిజమే. కానీ ఎద్దుమెడ కసాయివాడి చొక్కా చేతులు ఏనాడూ నేల రాయలేదు. నా కళ్ళ ముందే ఉంది, నేను చూడలేదు.

"అంటే మూరా ఎత్తూ కవలపిల్లలు కాదు," అన్నాను. "దాయాదులు."

"అదీ మాట! ఈ గది పెట్టించిన పెద్దమనిషి ఆ చుట్టరికం ఎంత దగ్గరిదో కూడా అంకె కట్టాడు. ఒకదానికొకటి పూర్తిగా కట్టుబడి ఉంటే ఒకటి. అసలు సంబంధమే లేకపోతే సున్న. మూరకూ ఎత్తుకూ పదింట ఎనిమిది వంతులు."

ఎనోక్ అడిగాడు. "మిగతా రెండు వంతులూ?"

హాకెట్ పరికరం తుడిచి పెట్టెలో పెట్టాడు. "అది నాకు తెలియదు తమ్ముడూ. నీలాంటి మూర ఉన్నవాళ్ళలో సగం మంది ఈ తొమ్మిదిన్నరకు అంగుళం అటో ఇటో లోపల ఉంటారు. మిగతా సగం ఇంకా దూరంగా ఉంటారు. నువ్వు ఏ సగమో ఈ కాగితం చెప్పదు. నిన్ను ఎరిగినవాళ్ళు చెప్పాలి."

"నన్ను ఎరిగినవాళ్ళే సార్, ఆరడుగులంటున్నారు," అన్నాడు ఎనోక్. గదిలో నవ్వనివాళ్ళు లేరు.

బండి వెనక్కి తిరిగింది. నేను దారి పొడుగునా తొమ్మిదిన్నర జపం చేశాను. సందులో అడుగుపెట్టి ఆ మాట చెప్పామో లేదో, నా మీద విరుచుకుపడ్డారు.

"అంగుళమున్నర దిగొచ్చిందా? అంత దూరం తోసుకెళ్ళి మనిషిని పొట్టి చేసుకొచ్చారా!" అంది బీరుకొట్టు యజమానురాలు.

"మా చందాలతో చేసే కాళ్ళు. మేం ఇచ్చింది పదకొండుకే," అన్నాడింకొకడు.

గాడ్బీ కూడా చిన్నబుచ్చుకున్నాడు. "ఇంతమందికి కాళ్ళు చేశాను, ఒక్కడూ నన్ను తప్పనలేదు," అన్నాడు. రెండు కాళ్ళూ పోయి వచ్చినవాడు ఎనోక్ ఒక్కడేనని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు.

"పదకొండు పెట్టించుకోరా," అన్నాడు డాడ్. "ఊరికే వచ్చే ఎత్తు ఎవడు కాదంటాడు? పై గంట కూడా అందుతుంది."

ఎనోక్ బెత్తం పక్కన పెట్టాడు. ఆ మనిషి గొంతు పెంచడం నేను విన్నది అదొక్కసారే.

"మా నాన్న ఊరికే వచ్చిన ఎత్తు మీద నుంచే పడ్డాడు క్రిస్పిన్. మీరంతా నా మీద ప్రేమ కొద్దీ నన్ను సాగదీస్తున్నారు. నాకు తెలుస్తోంది. కానీ తాడు దగ్గర నిలబడేది నేను. ఆ సార్జంటు తనకు తెలియనిది తెలియదని చెప్పాడు. ఆ మాట చెప్పినవాడి లెక్కే నాకు కావాలి. తొమ్మిదిన్నర. ఒక్క గింజ ఎక్కువొద్దు."

థర్జా లేచి ఆయన పక్కన నిలబడింది. అంతటితో సందు నోరు మూతపడింది.

కాళ్ళు వచ్చాయి. మొదట్లో ఎనోక్ గోడ పట్టుకుని, తర్వాత కుర్చీ పట్టుకుని, తర్వాత థర్జాను పట్టుకుని నడిచాడు. తాడు లాగడం అలవాటు కావడానికి నా పెరట్లో బట్టలారేసే కప్పీ తాడు ఇచ్చాను. తడి దుప్పట్లు కట్టి బరువు చేశాం. ఆయన లాగితే దుప్పట్లు జెండాల్లా పైకి లేచేవి, వదిలితే కిందికి దిగేవి. ఒకసారి పట్టుతప్పి వెల్లకిలా దుప్పట్లలో పడ్డాడు. నేను పరిగెత్తుకెళ్ళాను.

"దెబ్బ తగిలిందా నాయనా?"

"నాకు కాదు, నీ ఉతుక్కి," అన్నాడు తెల్లటి గుడ్డల్లోంచి తల బయటపెట్టి.

మళ్ళీ ఉతికాను. అలా ఎన్నిసార్లు ఉతికానో లెక్క పెట్టలేదు. కానీ ఒకటి గమనించాను. పడ్డప్పుడల్లా చేతులు జారి పడ్డాడు. కాళ్ళు తడబడి ఒక్కసారీ పడలేదు.

ఈస్టరు పొద్దున గోపురం మెట్లెక్కడం అన్నిటికన్నా కష్టమైంది. గుండ్రంగా తిరిగే ఇరుకు రాతి మెట్లు. ముందు డాడ్, వెనక ఇంకో ఇద్దరు గంటలవాళ్ళు. వాళ్ళ వెనక నేను. గంటల గదిలోకి ఆడవాళ్ళు రాకూడదన్నాడు డాడ్. "నేను రావడం లేదు, మెట్ల మీద ఉన్నాను," అన్నాను. పై మెట్టు మీద నిలబడితే గదంతా కనిపిస్తుంది, ఆ సంగతి ఆయనకు చెప్పాల్సిన పనిలేదు.

పెద్ద గంట తాడు పక్కన గోడకు ఎనోక్ పాత పని కోటు వేలాడుతోంది. ప్రమాదం తర్వాత వాళ్ళే అతను ఆనుకునే చోట మేకు కొట్టి తగిలించారట. పొరుగు చర్చి వాడిని కూడా దాన్ని ముట్టుకోనివ్వలేదట. ఆ సంగతి ఎనోక్‌కు అప్పుడే తెలిసింది. కోటు తీసి మడత పెట్టి బల్ల మీద పెట్టాడు.

కోటు వెనక సున్నం గోడ మీద నల్లటి గుండ్రటి మరక ఉంది.

"ఇదేంటి?" అన్నాడు ఎనోక్.

డాడ్ దగ్గరికి వచ్చి చూశాడు. వేలితో రాసి వాసన చూశాడు. "నీ తలనూనెరా!" అన్నాడు. "ఇన్నేళ్ళూ వరసకూ వరసకూ మధ్య ఇక్కడే తల ఆనించేవాడివి కదా. ఒరే, నీ ఎత్తు కోసం లండనంతా తిరిగొచ్చారు, అది ఇక్కడ నీ కోటు వెనకాలే ఉంది!"

ఎనోక్ వెనక్కి తిరిగి, మడమలు గోడకు దగ్గరగా పెట్టి, ఎప్పటిలాగే తల ఆనించాడు. డాడ్ సుద్దతో తల ఆనిన చోట గీత గీశాడు. ఎనోక్ పక్కకు జరిగాడు. అందరూ గోడ మీద పడ్డారు. నేనూ పడ్డాను. నన్ను ఆపాలని ఎవరికీ గుర్తుకు రాలేదు.

గీత మరక మధ్యకు సరిగ్గా లేదు. అర వేలి మందం పైన ఉంది.

"అర వేలు ఎక్కువ," అన్నాడు డాడ్ మెల్లగా.

సార్జంటు మాట నాకు గుర్తొచ్చింది, అంగుళం అటో ఇటో అని. గాడ్బీ త్రైరాశికం మీద నిలబడి ఉంటే గీత ఎక్కడ పడేదో కూడా లెక్క వేశాను. మరకకు రెండు వేళ్ళు పైన, గాల్లో.

ఎనోక్ ఆ గీతను చాలాసేపు చూశాడు. ఆ తర్వాత మీసం కింద నవ్వు కనిపించింది.

"పెద్దమ్మా, కిందికెళ్ళి సందులో చెప్పు," అన్నాడు. "కాళ్ళు పోయినవాడు అర వేలు పెరిగి వచ్చాడని చెప్పు. వాళ్ళ చందాకు వడ్డీ అనుకోమను."

"చోట్లకు రండయ్యా," అన్నాడు డాడ్. ఎనోక్ వైపు చూడకుండా ఎత్తు పెట్టెను కాలితో మూలకు తోసేశాడు. పొట్టివాళ్ళు ఎక్కి నిలబడే పెట్టె అది. ఎవరికీ అవసరం రాలేదు.

నేను దిగుతుండగా పైన డాడ్ అందరినీ తాళ్ళు పట్టమంటున్నాడు. నేను చర్చి తలుపు దాటి బయట పడేసరికి సందులో తలుపులన్నీ తెరిచి ఉన్నాయి. బీరుకొట్టు యజమానురాలు ఆప్రానుతోనే వీధిలో నిలబడింది. గాడ్బీ ఆదివారం టోపీ పెట్టుకుని, ఎవరూ పిలవకుండానే వచ్చి, గోడవార నిలబడ్డాడు. థర్జా గుమ్మంలో కళ్ళు మూసుకుని వింటోంది. ఒకటి, రెండు, మూడు అని గంటలు చిన్నదాని నుంచి పెద్దదాని దాకా దిగుతున్నాయి. ఏడోది పలికింది. ఆ తర్వాత ఒక్క ఊపిరంత ఆగింది.

అప్పుడు పెద్ద గంట పలికింది. వణుకు లేదు, తొందర లేదు. తన చోటులో తను పలికింది.

"అదుగో మనవాడు," అంది థర్జా కళ్ళు తెరవకుండానే.

"ఎత్తెంతట?" అని అరిచింది బీరుకొట్టు యజమానురాలు ఆ మోతలో నాకు వినపడేలా.

"తొమ్మిదిన్నర!" అని నేనూ అరిచాను. "గోడ మీద రాసి ఉంది, వెళ్ళి చూసుకో!"